రెండిళ్ళ నోరు

3 సెప్టెంబరు 1993, శుక్రవారం

కుదిరింది! కుదిరింది! కుదిరింది!

మూడుసార్లు రాసినా చెయ్యి ఆగడం లేదు. నా కూతురు విర్దాకి, మా చెల్లెలు రోస్నిదా కొడుకు నాల్‌కి. మేనరికం! అక్టోబరు మూడు, ఆదివారం. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, రెండిళ్ళ పెద్దలూ ఇష్టపడ్డారు, సరస్సు అవతలి కొండ కూడా ఇష్టపడ్డట్టే కనిపించింది నాకివాళ. కొట్టుకి సైకిలు తొక్కుతుంటే కాళ్ళు పెడల్ మీద ఆనలేదు. ఇద్దరికి కొలతలు తీసుకున్నాను, ఒక్క అంకె కూడా రాసుకోలేదు.

జుమా నమాజు తర్వాత మా ఆవిడ నేలి ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. మధ్యలో మా బావగారు దాతుక్ బండారో. నేలికి అన్నగారు, ఈ వంశానికి దాతుక్, అంటే పెద్ద. నేను గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర. పెళ్ళికూతురి తండ్రివి గదా, నీ మాటేమిటని ఎవరూ అడగలేదు. అడగరు కూడా. పిల్లకి మేనమామ ఉండగా తండ్రిని పట్టించుకునేదెవరు? ఈ ఊళ్ళో వంశం తల్లి వైపే నడుస్తుంది, ప్రతి మగాడూ ఇల్లరికమే. ఇరవై నాలుగేళ్ళుగా నేనిక్కడ అతిథిని. భోజనానికి లోటు లేదు, మర్యాదకి లోటు లేదు, మాటకే చోటు లేదు. అదే నాలుగు కిలోమీటర్ల అవతల మా అమ్మగారింట్లో అయితే నేను నాల్‌కి మేనమామని. అక్కడ నేను తుమ్మితే దాని భావమేమిటని ముగ్గురు కూర్చుని ఆలోచిస్తారు.

కాబట్టి ఈ పెళ్ళిలో తండ్రిగా నాకున్నది ఒకే ఒక్క వాక్యం. నికాహ్ వేళ పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని, "నా కూతుర్ని నీకిచ్చి నికాహ్ చేస్తున్నాను" అనడం. అది మేనమామ అనలేడు. దాతుక్ అయినా అనలేడు. తండ్రే అనాలి. కాకపోతే చాలామంది తండ్రులు భయపడి ఆ ఒక్కటీ ఖాజీగారికి అప్పగించేస్తారు. నా తరఫున మీరే చెప్పండని తలూపి ఊరుకుంటారు.

సాయంత్రం విర్దా టీ తెచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, నువ్వు ఖాజీగారికి అప్పగించవుగా?"

"ఏమ్మా?"

"నాకు నీ నోటితో వినాలనుంది. బళ్ళో వేసినప్పుడు మామయ్యే మాట్లాడాడు. సంబంధమూ మామయ్యే మాట్లాడాడు. నా గురించి నువ్వు గట్టిగా ఒక్క మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఇదొక్కటీ నువ్వు చెప్పు."

"ఓస్, ఇంతేనా! ఒక్క వాక్యం! నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

పిచ్చిపిల్ల.

6 సెప్టెంబరు

దాతుక్ బండారో స్వయంగా కొట్టుకొచ్చారు! ఇరవై నాలుగేళ్ళలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ బొత్తాలకి.

పెళ్ళికొడుకుని పిలుచుకురావడానికి వెళ్ళే బృందం తరఫున ఎప్పుడూ జమారిస్ తాతగారే మాట్లాడతారు. నలభై ఏళ్ళ నుంచి ఆ నోటికి ఎదురులేదు. పోయిన వారం ఆయన ముందుపళ్ళు మొత్తం పీకేశారు. కట్టుడు పళ్ళు రావడానికి నవంబరట. ఇప్పుడాయన "పెద్దలారా" అంటే ఎదుటివాళ్ళు మొహం తుడుచుకుంటున్నారు.

"సూతన్ గారూ," అన్నారు దాతుక్. అల్లుణ్ణి పేరుపెట్టి పిలవరు కదా, పెళ్ళినాడు ఇచ్చిన బిరుదుతోనే పిలుస్తారు. "మీరే మా నోరు కావాలి. మా ఇంటి తరఫున మీరు వెళ్ళి మాట్లాడాలి."

అప్పుడు నా నోట్లో ఆరు గుండుసూదులున్నాయి. "ఊఁ" అన్నాను.

దాతుక్ సంచీలోంచి ఆకు తీసి మడిచి ఇచ్చారు. సూదులు ఉమ్మేసి ఆకు నమిలాను. ఇక మాట ఇచ్చినట్టే. నమిలిన ఆకుని వెనక్కి తీసుకునే దారి ఈ భూమ్మీద లేదు.

ఆయన వెళ్ళాక కొట్టు తలుపేసుకుని ఒక్కణ్ణే గంతులేశాను. ఆ ఇంటి నోరు నేను! చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ణి! అద్దంలో చూసుకుంటే నోరు నిజంగానే కాస్త పెద్దదైనట్టు కనబడింది.

7 సెప్టెంబరు

ఇంకా సంతోషంగానే ఉంది. వేరే పనేమీ జరగలేదు.

9 సెప్టెంబరు

అమ్మని చూసొచ్చాను. ఎనభై ఒకటి. దంతం ఒక్కటి కదల్లేదు, మాట అసలే కదల్లేదు. నాకిష్టమని చెల్లెలు సరస్సు చేపలు కొబ్బరిపాలలో వండింది. కొసరి కొసరి వడ్డిస్తూ అమ్మ అంది.

"ఒరే జుఫ్, ఆ రోజు మన ఇంటి తరఫున మాట్లాడేది నువ్వేగా. మేనమామవి. ఇంకెవరున్నారు?"

నోటినిండా అన్నం. "ఊఁ" అన్నాను.

అమ్మ తన ఆకుల పెట్టె తెరిచింది. వణికే వేళ్ళతో ఆకు మడిచి ఇచ్చింది. అమ్మ మడిచిన ఆకు కాదనే మగాడు ఈ సరస్సు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. నమిలాను. బ్రహ్మాండంగా ఉంది.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక గానీ తట్టలేదు. ఆ రోజు పిలవడానికి వెళ్ళే నోరూ నేనే, పిలుపు అందుకునే నోరూ నేనే.

సైకిలు దిగి గట్టుమీద కూర్చున్నాను. భయం వేయాలి కదా? వేయలేదు. నవ్వొచ్చింది. ఒంటరిగా కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఒక్క ఇల్లు పిలిస్తే చాలనుకున్న వాణ్ణి రెండిళ్ళూ పిలిచాయి!

రేపు చెప్పేస్తాను. ఎవరో ఒకరికి.

10 సెప్టెంబరు

రేపు చెప్తాను.

11 సెప్టెంబరు

వాన. వానలో ఇలాంటివి చెప్పకూడదు.

14 సెప్టెంబరు

సాధన మొదలుపెట్టాను. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే పెళ్ళికూతురి వాళ్ళ తరఫు. ముక్కాలిపీట మీదికి మారితే పెళ్ళికొడుకు వాళ్ళ తరఫు.

జమారిస్ తాతగారి దగ్గరికెళ్ళి పద్ధతులన్నీ అడిగి తెలుసుకున్నాను. ఆయన పళ్ళులేని నోటితో రెండు గంటలు చెప్పారు. నా చొక్కా తడిసింది. అడిగిన దానికి సూటిగా జవాబివ్వకూడదు. "మా పెద్దల్ని సంప్రదించి విన్నవిస్తాం" అని పక్కాయన చెవిలో చెప్పాలి. ఆయన తన పక్కాయనకి. అందరికీ ముందే తెలిసిన జవాబు చాప చుట్టూ తిరిగి మళ్ళీ నా నోటికి చేరాలి. అప్పటిదాకా ఎదురుగా వడ్డించిన అన్నం ఎవరూ ముట్టరు. "నోరు నీదే, మాట నీది కాదు. అది మర్చిపోయినవాడు చెడ్డాడు," అన్నారాయన. తలూపాను. పెద్దాయన ఏవో చెప్తుంటారు.

మధ్యాహ్నం పీట మీద నేను మంచి పట్టులో ఉండగా ఎర్నీ టీచరమ్మ వచ్చింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు.

"ఎవరు గెలుస్తున్నారు?" అంది.

"ఇంకా తేలలేదండీ."

"నా జాకెట్టు?"

"అదీ తేలలేదండీ."

18 సెప్టెంబరు

ఇవాళ ఆ వాక్యం కూడా ఒకసారి అనుకుందామనుకున్నాను. తలుపేసి, బట్టల బొమ్మ చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాను. "నాల్, నా కూ" దగ్గర గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

దుమ్ము. నూలు దుమ్ము. ఈ కొట్లో గాలి ఆడదు.

మళ్ళీ పీట మీదికెళ్ళి పెళ్ళికొడుకు వాళ్ళ తరఫున గంటసేపు మాట్లాడాను. దుమ్మేమీ అడ్డం రాలేదు.

22 సెప్టెంబరు

నేలికి తెలిసిపోయింది. స్నానాల గదిలో పట్టుబడ్డాను.

"లోపల ఎవరున్నారు మీతో?" అని తలుపు కొట్టింది.

"ఎవరూ లేరు."

"మరి ఎవరితో పోట్లాట?"

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మొదట నోరెళ్ళబెట్టింది. తర్వాత గోడకి ఆనుకుని కిందికి జారి, కూర్చుని మరీ నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అంది.

"రెండు కొంపలకీ మీ నోరే దొరికిందా? అన్నం దగ్గర ఉప్పు కావాలని అడగడానికి నోరు రాదే మీకు!"

"అది వేరు. అది నా ఉప్పు. ఇది వాళ్ళ మాట."

"రేపే మా అన్నయ్యకి చెప్పెయ్యండి."

"రేపే చెప్తా."

"మరి విర్దా అడిగిన మాటో? అది సాధన చేశారా?"

"అది ఒక్క వాక్యమే కదే."

"అందుకే అడుగుతున్నా," అంది. నవ్వడం మానేసి అంది. ఆడవాళ్ళకి ప్రతిదీ పెద్దది చేయడం అలవాటు.

26 సెప్టెంబరు

వెళ్ళాను. గట్టిగా నిశ్చయించుకునే వెళ్ళాను. దాతుక్ కాఫీ ఇప్పించారు. "దాతుక్ గారూ, ఒక చిన్న సంగతి," అన్నాను. "నాకూ ఒక చిన్న సంగతి ఉంది," అని ఆయన కొత్త నల్ల టోపీ ఒకటి తెచ్చి తన చేత్తో నా తలకి పెట్టారు. "మా ఇంటి నోటికి తగ్గ తల ఉండాలి కదా సూతన్ గారూ. మీరు చెప్పండి, ఏదో అన్నారు?"

కాఫీ చాలా బాగుందన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా అమ్మ దగ్గరికి. కనీసం అటువైపైనా తప్పుకుందామని. వాకిట్లో అడుగు పెట్టకముందే పక్కింటి ఆవిడ, "జుఫ్, మా అల్లుళ్ళు ఇద్దరూ పాడాంగ్ పట్నం నుంచి నీ మాటలు వినడానికే వస్తున్నారు," అంది. అమ్మ ఊరంతా టముకు వేసేసింది.

టోపీ బిగుతుగా ఉంది. లేక తలే పెరిగిందేమో.

30 సెప్టెంబరు

విర్దా గోళ్ళకి గోరింటాకు పెట్టించుకుంటూ కిటికీలోంచి అరిచింది. "నాన్నా, వచ్చేసిందా వాక్యం?"

"రావడానికేముంది, ఎప్పుడో వచ్చింది!"

అబద్ధమేమీ కాదు. ఆ సమయానికి అదే వస్తుంది. అంత పొడుగు ప్రసంగాలు రెండు నోటికొచ్చినవాడికి ఇదొక లెక్కా?

2 అక్టోబరు

రాసుకుంటేనైనా వస్తుందేమోనని కాగితం తీశాను.

నాల్, నా కూతురు విర్దాని

3 అక్టోబరు

(ఖాళీ. ఇవాళ రాయలేదు. ఇది నాలుగున రాస్తున్నాను.)

4 అక్టోబరు, సోమవారం, పొద్దున

గొంతు లేదు. నేలి అల్లం బెల్లం కాచి పోస్తోంది. నోరు తెరిస్తే ఈలలాంటి గాలి వస్తుంది తప్ప మాట రాదు. అందుకే కలం పట్టాను.

నిన్న ఎనిమిదింటికి బయల్దేరాం. ముందు డప్పులు, వెనక పన్నెండు మంది పెద్దలు, మధ్యలో కొత్త టోపీతో నేను. తాంబూలం పళ్ళెం నేనే సర్దాను, ప్రసంగం గొణుక్కుంటూ. దారి పొడుగునా జనం కిటికీల్లో నిలబడి చూస్తుంటే, ఒళ్ళు మరిచిపోయాను. ఎదురుగా ఉండాల్సిన మనిషిని కూడా నేనేనన్న సంగతి ఆ నాలుగు కిలోమీటర్లలో ఒక్కసారి గుర్తొచ్చింది. డప్పులు గట్టిగా మోగాయి, మళ్ళీ మర్చిపోయాను.

అమ్మగారి ఇంట్లో పొడవాటి చాప. ఇటు మేము, అటు వాళ్ళు. మధ్యలో అన్నం, రెండాంగ్ మాంసం, చేపల కూర, వెదురుబొంగుల్లో కాల్చిన జిగురన్నం, ఆవిర్లు కక్కుతూ. పళ్ళెం ముందుకు జరిపి మొదలుపెట్టాను. ఎలా మాట్లాడాను! నా గొంతేనా అని నేనే ఆశ్చర్యపోయాను. మా పూర్వీకులు కొండ నుంచి దిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏడు తరాలు దాటుకుంటూ వచ్చి, "మీ ఇంటి దీపాన్ని మా ఇంటికి అడగవచ్చాం, పెద్దలు ఏమంటారు?" అని ఆపాను. దాతుక్ బండారో కళ్ళు మూసుకుని తలూపారు. ఆయన నా మాటకి తలూపారు!

అవతలివైపు పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మాట్లాడాల్సిన మనిషి చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన మా బహార్ మామయ్య, అమ్మకి తమ్ముడు, మా వంశంలో మగవాళ్ళందరికంటే పెద్ద. ఆయన ఆ ఖాళీ చోటు వంక చూశాడు, నా వంక చూశాడు.

"అయ్యా, అతిథులారా," అన్నాడు తాపీగా. "జవాబు చెప్పాలనే ఉంది. మా నోరు మీ పక్కన కూర్చుంది."

వంటింటి గుమ్మం దగ్గర రోస్నిదా కొంగు నోట్లో కుక్కుకుంది. దాతుక్ బండారో కళ్ళు తెరిచారు. నెమ్మదిగా నావైపు తిరిగారు.

"సూతన్ గారూ, మీరు అక్కడ కూడా ఆకు నమిలారా?"

"ఊఁ," అన్నాను.

ఒక్కసారిగా గోల. ఒకరు ఇంకెవరినైనా పెట్టమంటారు, ఒకరు పద్ధతి కాదంటారు. చివరికి బహార్ మామయ్య చెయ్యెత్తాడు. "ఆకు నమిలింది ఈ నోరే. ఇంకో నోటికి ఆకివ్వాలంటే మళ్ళీ సంప్రదింపులు, ఇంకో వారం. అన్నం ఇప్పటికే చల్లారుతోంది. ఒరే జుఫ్, ఇటు వచ్చి జవాబు చెప్పు. తర్వాత అటెళ్ళి అడుగు."

లేచి, చాప దాటి, ఆ ఖాళీ చోట్లో కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. ఎదురుగా నేను లేని చోటు చూస్తూ, "విన్నాం. మా పెద్దల్ని సంప్రదించి విన్నవిస్తాం," అన్నాను.

ఇల్లు ఇల్లంతా ఘొల్లుమంది. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది. ఆపలేదు. నవ్వులు మత్తులా తలకెక్కాయి. ఇటు ఒక మాట, అటు ఒక మాట. చాప దాటడం, కూర్చోవడం, లేవడం. గుమ్మాల్లో జనం మూగారు, పాడాంగ్ అల్లుళ్ళు చప్పట్లు కొట్టారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు తాంబూలం పళ్ళెం పరీక్షించాలి కదా, పరీక్షించాను. ఆకు ఉంది, వక్క ఉంది, కాచు ఉంది, పొగాకు ఉంది.

"సున్నం లేదు!" అని అరిచాను, నిధి దొరికినట్టు.

మా అమ్మగారి వైపు వాళ్ళంతా జయం అన్నట్టు తొడలు చరుచుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పళ్ళెం సర్దింది నేనేనని. ఇంకేం, చాప దాటి ఇటొచ్చాను.

"మీ ఇంటి సున్నం మీద నమ్మకంతో వచ్చాం."

అటెళ్ళి, "నమ్మకంతో వచ్చినవాళ్ళు నోరు తెచ్చుకున్నారే, సున్నం తెచ్చుకోలేదే?" అన్నాను.

ఇటొచ్చి, "నోరు మాత్రం మేం తెచ్చామా? అది మీ ఇంట్లో పుట్టిందే!"

జనం పడీపడీ నవ్వారు. నేను అటువైపు ఉన్నప్పుడు మా అమ్మ ఇంటి పరువు నా భుజాల మీద ఉంది, ఇటు వచ్చినప్పుడు మా ఆవిడ ఇంటి పరువు. రెండిట్లో ఏదీ ఓడకూడదు. గంట గడిచింది. గంటన్నర. నవ్వులు తగ్గాయి. కూరల మీద నూనె గడ్డకట్టింది. పెద్దల చెవుల్లో చెప్పడం కూడా ఎప్పుడో మానేశాను. మాట వాళ్ళదన్న సంగతే మర్చిపోయాను. పెళ్ళిబట్టల్లో చెమటలు కారుతూ కూర్చున్న నాల్ గుసగుసగా అన్నాడు.

"మామయ్యా, పోనీ నేను నడిచి వెళ్ళిపోనా?"

"నోర్ముయ్‌రా! పెళ్ళికొడుకు మాట్లాడకూడదు!"

మసీదు నుంచి మనిషొచ్చాడు. ఖాజీగారికి పన్నెండింటికి వేరే ఊళ్ళో నికాహ్ ఉందట, పావుగంటలో కదలకపోతే ఆయన వెళ్ళిపోతారట. నాకు వినపడింది. అయినా నోరు నడుస్తూనే ఉంది. సున్నం లేకుండా పిల్లవాణ్ణి పంపే ప్రసక్తే లేదని నేను నాకే ఖండితంగా చెప్పుకుంటున్నాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆడవాళ్ళు ఆ చాప మీదికి రారు. అమ్మ వచ్చింది. తన ఆకుల పెట్టెలోంచి సున్నం డబ్బా తీసి పళ్ళెంలో ఠక్కున పెట్టింది.

"ఇదిగో సున్నం. ఇక ఆ నోరు మూసుకుని నా మనవణ్ణి తీసుకుపో. అక్కడ నీ కూతురు కూర్చుంది."

నీ కూతురు అంది. మీ ఆవిడ ఇంటి పిల్ల అనలేదు.

"చిత్తం," అనబోయాను. గాలి వచ్చింది.

మసీదులో ఖాజీగారు గడియారం చూసుకుంటున్నారు. నాల్ నా ఎదురుగా. అటూ ఇటూ సాక్షులుగా దాతుక్ బండారో, బహార్ మామయ్య. ఆడవాళ్ళ వైపు తెర. దాని సందులోంచి విర్దా తలమీది బంగారు పూలు కొద్దిగా వణకడం కనిపిస్తోంది.

"మొదలుపెట్టండి," అన్నారు ఖాజీగారు. నోరు తెరిచాను. ఏమీ లేదు.

"అయ్యో, గొంతు పోయిందా! పర్లేదు. తలూపండి చాలు, మీ తరఫున నేను చెప్పేస్తాను. రోజూ చేసే పనే."

ఇక్కడ నిజం రాసుకుంటాను. ఇది ఎవరూ చదవరు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. నెల రోజులుగా నేను ఎదురుచూస్తున్నది ఇదేనని అప్పుడు తెలిసింది. నూలు దుమ్మూ కాదు, ఏమీ కాదు. రెండిళ్ళ మాటలూ నెత్తినేసుకున్నది నా ఒక్క మాట పక్కన పెట్టడానికే. గొంతు పోలేదు. నేనే పారేసుకున్నాను.

తల సగం వంగింది కూడా. తెర సందులో బంగారు పూలు కదలడం మానేశాయి.

వంగిన తల అడ్డంగా తిప్పాను. నాల్ చెయ్యి పట్టుకున్నాను. చెమటతో తడిసి ఉంది, నాదో వాడిదో. ఉన్న గాలంతా కూడదీసుకుని చెప్పాను. ఖాజీగారు సాక్షుల వంక చూశారు. "వినపడలేదు," అన్నాడు బహార్ మామయ్య. ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగారు, టోపీలు ఢీకొన్నాయి. చెవులు రెండూ నా మూతికి ఆనించారు. మళ్ళీ చెప్పాను. నాల్, నా కూతురు విర్దాని నీకిచ్చి నికాహ్ చేస్తున్నాను. కొండా లేదు, ఏడు తరాలూ లేవు, సంప్రదింపూ లేదు. నాల్ ఒక్క ఊపిరిలో ఒప్పుకున్నాడు, సరస్సు అవతలికి వినపడేలా.

"సహీ," అన్నారు దాతుక్.

"సహీ," అన్నాడు బహార్ మామయ్య.

చెల్లింది. సాక్షులు సహీ అంటే ఇక చెల్లినట్టే. తర్వాత విందు, డప్పులు, జనం. నన్ను చూసి నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా. జమారిస్ తాతగారొచ్చి నా నోరు తెరిపించి లోపలికి చూసి, "పళ్ళున్నాయిగా, మరేమైంది?" అన్నారు. సిగ్గేసింది. అయినా ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

వంటింటి వెనక విర్దా ఒక్కతే గిన్నెలు తోముతోంది. ఊరంతా తిన్న గిన్నెలు, కొండలా. నుదుటి మీద బంగారు పూల బరువుకి ఎర్రటి చార పడింది. నేను పీట లాక్కుని, కడిగినవి తుడవడానికి కూర్చున్నాను.

"నాన్నా, నాకు వినపడలేదు," అంది.

చూశాను.

"ఖాజీగారికి వినపడింది, మామయ్యకి వినపడింది, నాల్‌కి వినపడింది. తెర ఇవతల నాకు నీ దగ్గు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఇరవై రెండేళ్ళకి ఒక్కటి అడిగాను. మళ్ళీ చెప్పు."

గొంతు చూపించి చెయ్యి తిప్పాను.

"ఉన్నంతే చాలు."

మసి చేతులు తుడుచుకుని, పెళ్ళికొడుకు కూర్చున్నట్టు నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. చెయ్యి చాచింది. పట్టుకున్నాను. నాల్ పేరుతో మొదలుపెట్టాలి కదా. నోరు తెరిస్తే ఆ పేరు రాలేదు, నికాహ్ రాలేదు. వచ్చిందల్లా ఇదే, గాలిలో గాలిగా.

"విర్దా. నువ్వు నా కూతురివి."

మిగతాదాని కోసం వెతుక్కున్నాను. మిగతాది లేదు.

"సహీ," అంది విర్దా.